నల్లరాయిలో మిరప గింజలు

మా ఇంటిల్లిపాదిలో నా మాట నమ్మేది పెద్దమ్మ ఒక్కతే. మా కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి పైన పోయే విమానం తుమ్మిందని చెప్పినా, ‘పాపం, ఎంత మంట పుట్టిందో’ అని జాలిపడేది. అలాంటి మనిషికి నేను ఒకే ఒక్కసారి నిజం చెప్పాను. చీమకుర్తిలో నల్లరాయి తవ్వుతున్నారనీ, ఆ రాయి నిండా బంగారు చుక్కలుంటాయనీ. అది ఉత్త మెరుపే, బంగారం కాదు. ఆ ముక్క మాత్రం చెప్పడం మరిచిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నీటికాసులొచ్చి పెద్దమ్మకు ఒక కన్ను పోయింది. రెండోదీ మెల్లగా పోతుందనీ, పోయిన చూపు ఇక రాదనీ చిలకలూరిపేటలో డాక్టరు గారు చెప్పారు. బయటికొచ్చాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“కాశీ వద్దు, తిరపతి వద్దు. ఈ కన్నున్నప్పుడే ఆ బంగారపు రాయి చూపించరా.”

విన్నాక మా అమ్మ నన్ను ఉతికి ఆరేసింది. నీ కోతలకు ఆవిడ కన్ను కూడా కావాలా అంది. అక్కడ చుక్కలు కనబడకపోతే ఇంటికి రావద్దంది.

ఎండాకాలం, తెల్లవారి బస్సెక్కాం. మార్టూరు దగ్గర రాళ్ళకు మెరుగుపెట్టే షెడ్ల నుంచి తెల్లటి పొడి లేచి రోడ్డంతా కమ్ముకుంది. ఈ కాలంలో మంచేంట్రా అని అడిగింది పెద్దమ్మ. ఇక్కడ పడుతుందన్నాను. ఆ మంచులోంచే ఒంగోలు దాటి చీమకుర్తిలో దిగినట్టు నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఒకప్పుడు కంది కూడా సరిగా పండని నేల అది. రాయి బయటపడ్డాక దేశం మీది జనమంతా వచ్చి వాలారు. ఒక వీధిలో తమిళులు పరోటాలు కాలుస్తుంటే, పక్క వీధిలో రాజస్థాన్ వాళ్ళు రొట్టెలు కాలుస్తున్నారు. మధ్యలో నిన్న కట్టిన మేడలు అద్దాల్లా మెరుస్తున్నాయి. పెద్దమ్మకు ఊరు చూపించే పని నాది కాబట్టి, చూపు ఆననిచోట మాటతో పూడ్చాను. ఆ మేడలో గేదెల కుడితి తొట్టి కూడా నున్నటి నల్లరాయేననీ, గేదెలు అందులో మొహం చూసుకుంటూ పాలివ్వడం మానేశాయనీ చెప్పాను. బొట్టు కూడా పెట్టుకుంటున్నాయా అని అడిగింది.

పరోటా కొట్లో కూర్చున్నాం. పిండిని బల్లకేసి బాదుతున్న మనిషిని చూసి, బట్టలుతికినట్టు ఉతుకుతున్నాడే అంది. కూరలో కారం చాల్లేదని కొంగుముడి విప్పి, ఇంటి నుంచి తెచ్చిన ఎండుమిరపకాయ తీసి నంజుకుంది. చూస్తున్న పరోటా మనిషికే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

క్వారీకి వెళ్ళేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. భూమిని మెట్లు మెట్లుగా పాతాళం దాకా కోసినట్టుంది. అడుగున పచ్చటి నీళ్ళు, వాటి పక్కన బొమ్మల్లాంటి లారీలు. గడ్డం నెరిసిన మేస్త్రీ సాయిబు గారు మా సంగతి విని, గట్టు మీద పక్కకు పెట్టిన పెద్ద దిమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్దమ్మ దాని మీద చెయ్యి వేసి, మొహం ఆనించి, ఆ ఒంటికన్నుతో చాలాసేపు వెతికింది.

“బూడిదలాగుందిరా,” అంది మెల్లగా.

నా అబద్ధాలన్నీ నమ్మిన మనిషి ముందు నిజమే తెల్లమొహం వేసింది. మేస్త్రీ గారు మాత్రం కంగారుపడలేదు. పైన దుమ్ముందనీ, నీళ్ళు పోస్తే చుక్కలు తేల్తాయనీ చెప్పి బకెట్ అందుకున్నారు.

పెద్దమ్మ రాయికి అడ్డంగా నిలబడింది. “పోయమాకయ్యా. తడి తగిల్తే సరుకు పాడైపోద్ది.”

కళ్ళంలో మబ్బు నీడ పడితేనే కాయల మీద కప్పే పట్టాలు పట్టుకుని పరిగెత్తిన మనిషి. నాలుగు చినుకులు పడితే కాయ తెల్లబడి, ఏడాది కష్టం పోవడం చూసిన మనిషి. రాయికేమీ కాదని మేస్త్రీ గారూ నేనూ ఎంత చెప్పినా వినలేదు.

“నా ఒక్క కన్ను కోసం ఒకళ్ళ సరుకు తడపటం ఎందుకు? పదరా.”

“ఇంత పెద్దావిడ వద్దన్నాక ఎట్టా పోస్తానమ్మా,” అంటూ మేస్త్రీ గారు బకెట్ దించేశారు. పెద్దమ్మ నాలుగడుగులు వేశాక నా చెవిలో చెప్పారు. బస్టాండు పక్కన భోజనం హోటల్లో బల్లలన్నీ ఈ రాతి ముక్కలేనట. కిటికీ పక్కన కూర్చోబెట్టమన్నారు.

కూర్చోబెట్టాను. బల్ల నల్లగా ఉంది, అంతే. ఇంతలో వడ్డించే ఆయన వచ్చి తడిగుడ్డతో ఒక్కసారి తుడిచాడు. కిటికీలోంచి ఎండ దాని మీద పడింది. నల్లటి లోతులోంచి చుక్కలు ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి. హోటల్లో చప్పుడంతా ఎక్కడో దూరంగా, నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు వినబడింది.

పెద్దమ్మ బల్ల మీదికి వంగింది. వేలు నాలుకకద్దుకుని, ఒక చుక్క మీద ఆనించి తీయబోయింది. అది రాలేదు. ఇంకోదాని మీద పెట్టింది.

“కాయ పగిలి గింజలు చల్లినట్టుందిరా,” అంది.

వడ్డించే ఆయన విస్తరి వేయబోతే దాని మీద వెయ్యమాకు నాయనా అని ఆపి, విస్తరి ఒళ్ళో పెట్టుకుని తింది. పప్పు చీరంతా అయింది. కన్ను మాత్రం బల్ల మీదే ఉంది.

మళ్ళీ కాయ కోతకొచ్చేసరికి ఆ కన్నూ పోయింది. తొడిమలు తీయడానికొచ్చిన ఆడవాళ్ళ మధ్య కూర్చుని పెద్దమ్మ చీమకుర్తి కథ చెప్పేది. ఆ ఊళ్ళో బంగారం పోసిన బల్లల మీద అన్నం పెడతారట. గింజలనుకుని పక్షులు వచ్చి పొడుస్తుంటే తోలడానికి మనిషిని పెట్టారట. ఒకరోజు ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుతుంటే, మా అమ్మ నా వైపు తిరిగి నిజమేనా అని అడిగింది.

నేను అవునంటే పెద్దమ్మ మాట కూడా గాలికి పోతుంది. “నాకైతే ఒక్క చుక్క కూడా కనబడలేదు. అంతా ఉత్త రాయి,” అన్నాను.

“వీడు లేదన్నాడంటే ఉన్నట్టేనమ్మా,” అంది మా అమ్మ. నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు పెద్దమ్మ దగ్గరికి జరిగారు. పెద్దమ్మ నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి, కథలోకి ఇంకో నాలుగు పక్షుల్ని వదిలింది.