గేదె ఇచ్చిన రాజ్యం

"ఆ కంప్యూటరు డబ్బా నువ్వు కట్టేస్తావా, నన్ను మెయిను ఆపెయ్యమంటావా?"

"అంత పని చెయ్యకండి నాయనమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఇంకో గంటలో నా పట్టాభిషేకం."

"ఎవరికే పట్టాభిషేకం? మధ్యాహ్నం తిన్న కంచం ఇంకా దొడ్లో ఎండుతోంది, ఆ కంచం తాలూకు మనిషికా?"

"రాణులు కంచాలు కడగరండి."

"కడగరు, కరెంటు బిల్లూ కట్టరు. ఈ కొంపలో ఆ రెండూ చేసేది నేను. ఇదిగో, ఇప్పుడే ఆ నెట్టాయనకి ఫోను చేస్తున్నాను. పొద్దున్నే వచ్చి తీగ పీకేసుకుపొమ్మంటాను. అప్పుడు ఏలుకుందువుగాని."

"నాయనమ్మా! నాలుగు రోజులు కనపడకపోతే నా సింహాసనం ఇంకోళ్ళకి ఇచ్చేస్తారు. దసరాల నుంచీ ఆడితే ఇప్పటికొచ్చింది నా వంతు."

"ఇచ్చుకోనీ. నీకు నాలుగు అక్షరాలు వస్తాయి."

"ఆ అక్షరాలు మాత్రం నేను ఎంచుకున్నానా? ఏం చదవాలో నాన్న చెప్తారు, ఏం తినాలో మీరు చెప్తారు, లైటు ఎప్పుడు ఆర్పాలో మళ్ళీ మీరే చెప్తారు. నేనో మాటంటే జరిగేది ఆ డబ్బాలో ఒక్కచోటేనండి!"

ఇది మొన్న దీపాలు పెట్టే వేళ ఏలూరులో మా ఇంటి ముందుగదిలో జరిగిన భాగోతం. అలా నా మీదికి లేచింది నా కొడుకు కూతురు. వాళ్ళ అమ్మా నాన్నా తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చూసుకుంటూ ఉంటే, పిల్ల ఇక్కడ కాలేజీలో చదువుకుంటూ నా దగ్గర ఉంటోంది. అంత కోపంలోనూ నన్ను మీరనే అంది, అండీ అనడం మరిచిపోలేదు, అందుకు మా కోడల్ని మెచ్చుకోవాలి. నేను మాత్రం అన్నంత పనీ చేశాను. నెట్టాయనకి దాని ఎదురుగానే ఫోను చేసి, పొద్దున్నే రమ్మని చెప్పి, పెట్టేశాను. పిల్ల కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆ తెర వైపు తిరిగి కూర్చుంది.

ఆ ఆట సంగతి నాకు తెలిసినంతలో చెబుతాను. అందులో మొదట ఎవరైనా ఊరూ పేరూ లేని మనిషిగానే బయలుదేరాలట. కట్టెలు కొట్టి, దొంగల్ని తరిమి, ఊళ్ళవాళ్ళకి అడిగిన పనల్లా చేసిపెట్టి మంచి అనిపించుకుంటే, కలిసి ఆడేవాళ్ళందరూ ఒప్పుకున్నాక, అప్పుడు కోటా కిరీటమూ వస్తాయట. ఆ కలిసి ఆడేవాళ్ళు ఎక్కడెక్కడి పిల్లలో, ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. లేని కోట కోసం ఉన్న కళ్ళు పాడుచేసుకోవడమేమిటని నేను నెలల తరబడి సణుగుతూనే ఉన్నాను. కానీ ఆ సాయంత్రం అది అన్న ఆఖరి మాట నాకు ముల్లులా దిగింది. మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటూ ఉంటే, చేతులు వత్తుల్లో ఉన్నాయి గాని మనసు కొల్లేటికి పోయింది, ఎందుకంటే నేనూ ఒకనాడు రాణిని.

మాది కొల్లేటి నడుమ ఒక లంక. వానాకాలంలో చుట్టూ నీళ్ళు, పడవ లేనిదే పక్క ఊరు లేదు. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు వెనక్కి పోయి, కంటికి ఆనినంత మేర పచ్చిక, మధ్యమధ్య మడుగులు, మడుగుల చుట్టూ కిక్కిస గడ్డి, దాని మీద పిట్టలు. నేను బడికి మూడో తరగతి దాకా వెళ్ళాను. మా చిన్న తమ్ముడు పుట్టాక వాణ్ణి ఎత్తుకోవడానికి ఒక మనిషి కావలసివచ్చి నా పలకని అటక మీద పెట్టారు. అందుకు ఎవరినీ తప్పుపట్టను, ఆ రోజుల్లో ఆడపిల్లల పలకలు చాలా ఇళ్ళల్లో అటకల మీదే ఉండేవి. తమ్ముడికి నడక వచ్చాక నాకు గేదెను అప్పజెప్పారు. పొద్దున్నే చద్దన్నం మూటకట్టుకుని, లంక పిల్లలమంతా గేదెల్ని తోలుకుని పచ్చికలోకి వెళ్ళిపోయేవాళ్ళం. గేదెల్ని కాసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే తెలుస్తుంది, అవి మేసినంతసేపూ మనకు పని ఉండదు, మడుగులో దిగాక అసలే ఉండదు. ఆ ఖాళీలోనే మేము రాజ్యం ఆట ఆడేవాళ్ళం.

ఆ ఆటకి ఒక కట్టుబాటు ఉండేది, ఎవరు పెట్టారో తెలియదు, మా పెద్దవాళ్ళు పిల్లలుగా ఉన్నప్పుడూ అదేనట. పొద్దు వాలేవేళ అందరమూ గట్టున వరసగా నిలబడి, ఎవరి గేదెను వాళ్ళు పేరుపెట్టి పిలవాలి. నీళ్ళల్లోకి దిగకూడదు, రాయి వెయ్యకూడదు, గొంతు ఒక్కటే ఆయుధం. ఎవరి గేదె ముందు గట్టెక్కితే వాళ్ళకి మర్నాటి రాజ్యం. తాటిమాను తొలిచి చేసిన పడవ, అదే తాటిదోనె, బోర్లిస్తే సింహాసనం, కలువ కాడలు మెలిపెట్టి చుట్టినది కిరీటం. ఆ పూట రాజు ఎక్కడ మేపమంటే అక్కడ మేపాలి, మంద దారి తప్పితే రాజు చూపించినవాళ్ళే పరుగెత్తాలి, తగువు వస్తే రాజు చెప్పిందే తీర్పు, చద్దిమూటలన్నీ రాజు ముందు విప్పితే ఆయన పంచినంతే తినాలి. అంతా బాగానే ఉంది గాని, ఏలినవాళ్ళు మర్నాడు మంద వెనకాల ఆఖరున దుమ్ము తింటూ నడవాలి. వరసగా రెండు రోజులు ఎవరికీ రాజ్యం లేదు.

మా గేదె ముసలిది. నీళ్ళంటే దానికి ప్రాణం. మడుగులో దిగిందంటే ముక్కు రంధ్రాలు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు, నేను గొంతు చించుకుని పిలిస్తే చెవి ఒక్కటి ఆడించి మళ్ళీ ములిగేది. అందరి గేదెలూ ఇళ్ళ దారి పట్టాక, చీకటి పడుతుందేమోనన్న బెంగతో నేనొక్కదాన్నే గట్టున ఏడుస్తూ ఉంటే, అప్పుడు తీరిగ్గా వచ్చేది. అలా ఆ వేసవిలో అందరూ రాజులూ రాణులూ అయ్యారు, మా పెదనాన్నగారి అమ్మాయి, అంటే మా అక్క, ఎన్నోసార్లు అయింది, వాళ్ళ గేదె కుర్రది, చురుకైనది. నేను మాత్రం అందరి ఆజ్ఞలూ మోశాను. ఇంటి దగ్గర అమ్మ చెప్పింది చెయ్యడం, పచ్చికలో వీళ్ళు చెప్పింది చెయ్యడం, నాకు పెద్ద తేడా ఉండేది కాదు. దోనె మీద కూర్చున్నవాళ్ళని మాత్రం కన్నార్పకుండా చూసేదాన్ని.

ఒకనాటి సాయంత్రం ఎప్పటిలాగే పిలిచాను, ఆశ లేకుండానే పిలిచాను. మా ముసలిది తల పైకెత్తింది, ఒళ్ళు విదిలించింది, ఎవరో తరిమినట్టు నీళ్ళు చిమ్ముకుంటూ అందరికంటే ముందు గట్టెక్కి నా పక్కకు వచ్చి నిలబడింది. పిల్లలంతా నోళ్ళు తెరిచారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందో లేదో జ్ఞాపకం లేదు గాని, పొద్దున్న దోనె ఎక్కి కూర్చున్నప్పుడు చెక్క వెచ్చగా ఉండడం, కలువ కాడ నుంచి చెవి మీదికి నీళ్ళు కారడం ఇప్పటికీ ఒంటికి తెలుస్తూనే ఉంది. అక్క నా ఎదుట చేతులు కట్టుకుని, తమరి సెలవు ఏమిటండీ అని అడిగింది. నన్ను ఒకళ్ళు ఏం కావాలని అడగడం అదే మొదలు. వరసగా అందరి మొహాలూ చూశాను. ఎంతసేపటికో ఎదురుగా నిలబడ్డ మునసబుగారి అబ్బాయి కనిపించాడు. మంచినీళ్ళ కడవ మొయ్యడం అతనికి ఎన్నడూ అలవాటు లేదు, రాజైనవాళ్ళు కూడా అతనికి ఆ పని చెప్పడానికి జంకేవాళ్ళు. కడవ తీసుకుని మంచినీళ్ళ చెరువుకి వెళ్ళు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను మొహం గంటు పెట్టుకున్నాడు, అటూ ఇటూ చూశాడు, ఎవరూ తన వైపు మాట్లాడకపోయేసరికి కడవ ఎత్తుకుని నడిచాడు. సగం దారిలో ఒలకబోసుకుని, తిరిగి వచ్చి, రెండు చేతులతో చెంబు అందించాడు. ఆ నీళ్ళు తాగాను.

ఆ పూట చద్దిమూటలు పంచేటప్పుడు నేను ముందు అందరికంటే పలచటి గంజి తెచ్చుకున్నవాళ్ళకి కొర్రమీను పులుసు ముక్క వేశాను. నాకు ఇంత పెట్టుకున్నాను, మిగిలింది అక్కకి ఇచ్చాను. ఒకరిద్దరు గొణిగారు, కానీ తిన్నారు. మర్నాడు మంద వెనకాల దుమ్ములో నడిచాను. నాకు మళ్ళీ రాజ్యం రాలేదు. వానలు వచ్చాయి, కొల్లేరు పచ్చికను మింగేసింది, ఆ తరువాతి వేసవికి నాకు పెళ్ళి కుదిరి ఏలూరు తీసుకువచ్చేశారు.

మా గేదె ఆ రోజు ఎందుకు లేచి వచ్చిందో నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. నా కొడుకు పుట్టినప్పుడు చూడడానికి వచ్చిన అక్క, చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని నవ్వుతూ చెప్పింది. పొద్దున్నే వాళ్ళింట్లో నుంచి కొంగులో తవుడు కట్టుకుని వచ్చి, నేను చూడకుండా మా ముసలిదానికి గట్టున, నేను నిలబడే చోటే, రోజూ పెట్టి అలవాటు చేసిందట. ఆ రోజు పొద్దున్న మాత్రం పెట్టకుండా ఆపితే, పొద్దు వాలేసరికి దానికి ఆ చోటు మీద ఆశ పుట్టిందట. వాళ్ళ అమ్మకి తెలిస్తే వీపు చిట్లగొట్టేది, అందుకే ఆ తరువాత మానేసిందట. నేను నమ్మలేక, మరి నీకు ఒక రాజ్యం పోయింది కదే అంటే, నాకు బోలెడు ఉన్నాయిలే, నీ మొహం చూడలేకపోయాను అంది. అక్క ఇప్పుడు లేదు. చెయ్యెత్తి దణ్ణం పెట్టవలసిన మనుషులు జీవితంలో కొందరు ఉంటారు, ఆమె నాకు అటువంటిది. ఆమె కొంగులో తవుడు లేకపోతే నా నోటి నుంచి ఒక ఆజ్ఞ వెలువడడం ఎలా ఉంటుందో నాకు తెలిసేదే కాదు.

తెలిసినందువల్లనే తరువాత రోజులు గడిచాయి. అత్తగారి ఇంట్లో తివాచీలకు ఉన్ని వడకడానికి కూర్చున్నా, మా ఆయన పోయాక పిల్లాణ్ణి ఒక్కదాన్నే పెంచవలసివచ్చినా, భయం వేసినప్పుడల్లా కడవ ఎత్తుకుని నడిచిన మునసబుగారి అబ్బాయి వీపు కళ్ళ ముందుకి వచ్చేది, నవ్వు వచ్చేది, పట్టు దొరికేది. అప్పటి నుంచీ ఈ ఇల్లు నేను చెప్పినట్టే నడిచింది. ఏ గదిలో లైటు వెలగాలో, ఏ గిన్నెలో ఎంత నూనె పొయ్యాలో నేనే చెబుతూ వచ్చాను. పొదుపు లేకపోతే ఈ సంసారం నిలిచేది కాదు, అది నిజమే. కానీ ఇక్కడ ఏలిక మారడం అనేది లేదు. దోనె దిగి మంద వెనకాల నడవవలసిన రోజు ఒకటి ఉంటుందని, కొల్లేటి పచ్చికలో అంత చిన్నప్పుడే తెలిసినదాన్ని, ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా దోనె దిగలేదు.

వత్తులు పక్కన పెట్టి లేచి వెళ్ళి పిల్ల పక్కన కుర్చీ వేసుకున్నాను. అది బిక్కమొహం వేసింది, ఆపేస్తాననుకుంది. తెర వైపు చూశాను. బంగారపు రంగు కోట, కింద జనం, అందరూ ఒక్కసారి మోకాళ్ళ మీదికి వంగారు. దాని మొహంలోకి చూస్తే అచ్చం దోనె మీద నేనే. పట్టాభిషేకం అవగానే ఒక ముసలామె బొమ్మ వచ్చి పంట పోయింది, గింజలు ఇప్పించమని అడిగింది. కుంచం అంచుదాకానే తలగొట్టి కొలిచి ఇవ్వవే, ముందు గాదెలో ఎంత ఉందో చూసుకోవే అని నాలుక చివర దాకా వచ్చింది. నోరు మూసుకున్నాను, ఏలుతున్నది నేను కాదు కదా. పిల్ల నా వైపు ఒకసారి చూసి, గాదె తలుపులు తియ్యమని చెప్పింది. ఆ ముసలామె వెనకాల ఇంకా జనం వచ్చారు. మేమిద్దరం అన్నాలకి లేచేసరికి గాదె సగం ఖాళీ అయింది, అయినా దాని మొహం వెలిగిపోతోంది.

మొన్నామధ్య ఒక పెళ్ళికి వెళ్ళివస్తూ కారులో మా లంక మీదుగా వచ్చాను. మేము గేదెల్ని మేపిన చోటల్లా చేపల చెరువుల గట్లే. ప్రతి గట్టుకీ ఒక యజమాని, ప్రతి గట్టు మీదా కాపలా పాక. పిల్లలెవరూ కనిపించలేదు. కనిపించినా, ఎవరిదీ కాని నేల మీద అందరూ వంతులవారీగా రాజులవడానికి ఇప్పుడు అక్కడ అటువంటి నేలే మిగల్లేదు. ఎండాకాలం వచ్చిందంటే కొల్లేరు మాకు ఒక రాజ్యాన్ని పరిచి పెట్టేది, పైసా అడిగేది కాదు. మా మనవరాలికి ఆ నేల లేదు గనకనే తీగలో వెతుక్కుంటోంది. దానికి తవుడు కట్టుకొచ్చే అక్క కూడా ఇంట్లో లేదు, ఉన్నది నేను.

మర్నాడు పొద్దున్నే నెట్టాయన నిచ్చెన వేసుకుని వచ్చి, ఏమ్మా తీసెయ్యమన్నారు కదండీ అన్నాడు. అక్కర్లేదు, ఉండనివ్వండి అన్నాను. ఆయన వెళ్ళిపోయాక పిల్ల లేచి వచ్చింది. ఈ పూట ఏం చెయ్యమంటావని అడిగాను. పూరీలు అంది. మూకుడు పొయ్యి మీద పెట్టి నూనె పోశాను.