ముక్కు పెట్టకూడని మొక్క

జూన్ వచ్చిందంటే నా కొట్టుకు చచ్చిన మొక్కలు మోసుకొచ్చేవాళ్లు ఎక్కువవుతారు. పోర్తో ఊళ్లో పాత బజారు వెనక సందులో విత్తనాల కొట్టు నాది. సెయింట్ జాన్ పండగకు ప్రతి కిటికీలోనూ ఒక సబ్జా కుండీ ఉండాల్సిందే. సన్నటి ఆకుల సబ్జా, బంతిలా గుండ్రంగా పెరుగుతుంది, మేం మంజెరికు అంటాం. కొన్నవాడు వారం తిరక్కుండా దాన్ని చంపి, తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఎవరో ముక్కు పెట్టి వాసన చూశారు, అల్బానూ" అంటాడు. ఒళ్లు మండిపోతుంది. కింద పళ్లెం నిండా నీళ్లు నిలవబెడితే వేళ్లు కుళ్లక ఏం చేస్తాయి?

మా ఊళ్లో ఈ మొక్కకు నేరుగా ముక్కు ఆనించకూడదు. అరచెయ్యి ఆకుల మీద పెట్టి, ఆ చెయ్యి వాసన చూసుకోవాలి. ముక్కు తగిలితే వాడిపోతుందని చంటిపిల్లలకు కూడా తెలుసు. నేను నమ్మను. అయినా నేనూ చేత్తోనే చూస్తాను, చిన్నప్పుడు మా అమ్మ వీపు మీద వేసిన దెబ్బలు అలాంటివి.

ఇక ఎర్మీనియా. నది పైన కొండవాలులో, ఒకే గోడకు వరసగా అతుక్కున్న చిన్న ఇళ్ల వాడలో ఉంటుంది. హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసి బతికిన మనిషి. ఇస్త్రీకి సెలవిచ్చినా నడుము ఇంకా నిటారుగానే ఉంటుంది. పండగ ముందు రోజుల్లో చర్చి మెట్ల దగ్గర ఆమె కుండీలు పెట్టిందంటే, పక్క కుండీలవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. అంత బాగా పెంచేది. కుండీ తడి ఆరిందో లేదో వేలు పెట్టి చూశాకే నీళ్లు, అదీ పొద్దున పూట, అదీ మొక్క మొదలు దగ్గరే. ఆకుల మీద చుక్క పడనిచ్చేది కాదు. మొలకలు ఒత్తుగా వస్తే జాలిపడకుండా పీకేసేది. కొసలు గిల్లుతూ, మొగ్గ కనిపిస్తే తుంచేస్తూ, ఎండ ఎటు తిరిగితే కుండీని అటు తిప్పుతూ ఉండేది. పేనుబంక కనిపిస్తే సబ్బునీళ్లతో ఒక్కో ఆకూ తుడిచేది. మొగుణ్ని కూడా అంత శ్రద్ధగా చూసి ఉండదు, పాపం, మంచివాడు.

విత్తనం మాత్రం నా దగ్గర ఏనాడూ కొనలేదు. కుండీలు కొనేది. "అక్కా, ఈసారి కొత్త రకం వచ్చింది, ఒక పొట్లం పట్టుకెళ్లు" అంటే, "నీ పొట్లాల గొడవ ఆపవా, అల్బానూ? మా అమ్మ విత్తనం ఉండగా ఊళ్లోవాళ్ల విత్తనం నాకెందుకు?" అనేది. వాళ్లమ్మ జుల్మీరా ఆ మొక్కను తన పుట్టింటి నుంచి తెచ్చుకుంది. ఏటా ఒక మంచి మొక్కను కోయకుండా విత్తనానికి వదిలేది. ఆమె పోయాక ఆ విత్తనాన్ని కూతుళ్లిద్దరూ పంచుకున్నారు. పెద్దది ఎర్మీనియా, చిన్నది జుదీత్.

తల్లి పోయిన తర్వాత వచ్చిన మొదటి పండగనాడు గొడవైంది. నదికి అవతల గాయా అనే ఊళ్లో కాపురం ఉండే జుదీత్ వచ్చి, వాడంతా పెరట్లో చేపలు కాల్చుకుంటూ ఉంటే, విత్తనానికి అట్టేపెట్టిన తల్లిమొక్కను రెండు చేతులతో ఎత్తి, ముక్కు ఆకుల్లోకి దూర్చేసింది. పీల్చింది, ఒకసారి కాదు. అందరం చూశాం. ఎర్మీనియా చేతిలో గరిటె జారిపోయింది. వారం తిరిగేసరికి ఆ మొక్క ఒక పక్కకు వేలాడింది. తర్వాత రెండో పక్కా పోయింది.

"అమ్మ పోయి ఏడాది తిరగలేదు, అమ్మ మొక్కనీ చంపావు కదే, మహాతల్లీ!" అని ఎర్మీనియా వాడంతా వినేలా అరిచింది. "నా ముక్కులో విషముందా? వాసన చూస్తేనే చస్తే మరి నువ్వు పక్కన పడుకుంటే బావ ఎలా బతికాడే?" అని జుదీత్ తిరిగి అంది. అంతే. మధ్యలో ఒక్క వంతెన, నడిస్తే కాలు నొప్పి పుట్టేంత దూరం కూడా కాదు. అక్కాచెల్లెళ్లు మళ్లీ మాట్లాడుకోలేదు.

అప్పటినుంచి ఏటా ఎర్మీనియా మొక్కలు కొన్ని చచ్చేవి. ఏటా ఆమెకు ఒక ముక్కు దొరికేది. ఒకసారి పోస్టుమాన్‌ది. ఒకసారి కొత్తగా కాపురానికి వచ్చిన పక్కింటి పిల్లది. ఒకసారి పిల్లి ముక్కు. చివరికి పెరట్లో వల కట్టి, ఎవరైనా దగ్గరికి వస్తే "చేత్తో! చేత్తో!" అని కేకలు పెట్టేది. వాడిన మొక్కను తెస్తే చూస్తానని నేను ఎప్పుడడిగినా తెచ్చేది కాదు, "నీ కొట్టులో వందమంది ముక్కులుంటాయి" అని.

ఈ ఏడు మే నెలలో తనే వచ్చింది. ఏప్రన్‌లో చుట్టిన మొక్కను బల్ల మీద పెట్టింది. ఒక పక్క ఆకులు పచ్చగా, ఒక పక్క వేలాడిపోయి ఉన్నాయి.

"ఎన్ని పోయాయక్కా?"

"అన్నీ పోతున్నాయి. నాటినవన్నీ. ఈసారి వల కూడా తియ్యలేదు, అల్బానూ. ఎవరు వచ్చారో నాకు అంతుబట్టడం లేదు."

కత్తి తీసి కాండాన్ని నిలువునా చీల్చాను. లోపల కింది నుంచి పైదాకా గోధుమరంగు చార. ఆమెకు చూపించాను. అది వేళ్ల నుంచి ఎక్కే తెగులు, నీళ్లు పైకి పోయే దారి మూసేస్తుంది. అందుకే తడి ఉన్నా మొక్క దాహంతో వాడినట్టు వాడుతుంది. మట్టిలో ఉంటుంది, ఏళ్ల తరబడి చావదు.

"మట్టి ఎక్కడిది?"

"మట్టి అమ్మదే" అంది గర్వంగా. "పెరట్లో అమ్మ వాడిన తొట్టెలో మట్టి నేనెన్నడూ పారెయ్యలేదు. పండగ అయిపోయాక జనం వీధిలో వదిలేసిన కుండీలు ఏరుకొచ్చి, ఆ మట్టి కూడా కలుపుతాను. బంగారంలాంటి మట్టి, వృథా ఎందుకు?"

తల పట్టుకున్నాను. ఊరంతా చంపి పారేసిన మొక్కల మట్టిని ఏటా మోసుకొచ్చి తల్లి మట్టిలో కలిపింది ఈవిడ! జుదీత్ ముక్కు పెట్టడానికి ముందు ఏడు కూడా కలిపిందట.

"ఎవరిదో ముక్కే తగిలి ఉండకపోతే..." అని మళ్లీ మొదలుపెట్టింది.

"ఆపక్కా!" అని అరిచేశాను. "ముక్కు కాండం లోపలికి దూరుతుందా? చూడు, కళ్లు పెట్టి చూడు! ఆ తొట్టె మట్టి తియ్యాలి, కుండీలు పగలగొట్టాలి, మొక్కలు కాల్చెయ్యాలి. విత్తనం కూడా. ఆ తెగులు విత్తనాన్నీ అంటుకుని వస్తుంది."

"విత్తనం కూడానా?"

"విత్తనం కూడా."

బస్తా మీద కూలబడింది. నడుము వంగడం మొదటిసారి చూశాను. "మరి అమ్మది ఇంకేం మిగిల్తుంది?" అంది. నాకు జాలేసింది, నిజంగా జాలేసింది.

మిగిలింది ఒక్కచోటే, జుదీత్ దగ్గర. ఆవిడ ఏటా మార్చిలో వచ్చి నా దగ్గర కొత్త మట్టి బస్తా కొంటుంది, తల్లి విత్తనం అందులోనే వేస్తుంది. ఆ సంగతి చెబితే, "ఇన్నేళ్లూ నాకు చెప్పలేదే!" అంది ఎర్మీనియా. ఆ పేరెత్తితే కుండీ విసురుతానన్నది ఎవరట?

జుదీత్ ఇంటికి బయల్దేరేముందు, పెరటి మట్టి అంటుకుని వస్తుందని చెప్పులు కడిగించాను, చేతులు సబ్బుతో రుద్దించాను. తలుపు మొహం మీద వేస్తే సాక్షి ఉండాలని నన్నూ లాక్కెళ్లింది. వంతెన దాటాం. గాయా ఒడ్డున జుదీత్ ఇంటి వసారాలో గట్టు పొడుగునా కుండీలు, గుండ్రంగా, నవనవలాడుతూ ఉన్నాయి. ఎర్మీనియా వాటిని చూసి ఆగిపోయింది. అవి ఏ మొక్కలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

జుదీత్ తలుపు తీసి, అక్కను కింది నుంచి పైదాకా చూసింది. "ఏంటి, పోలీసుల్ని తెచ్చావా?" అంది నావైపు చూస్తూ.

"విత్తనం కావాలి" అంది ఎర్మీనియా. "నాది పోయింది. తప్పు నీ ముక్కుది కాదట, నా మట్టిది. ఇదిగో, వీడు చెప్పాడు."

"వీడు చెప్పాడు. నువ్వేమంటావు?"

ఎర్మీనియా కుండీల మీంచి చూపు తిప్పి చెల్లెల్ని చూసింది. "నేనూ అదే అంటాను. నాదే తప్పు, జుదీత్. ఊరంతా వినేలా నిన్నన్నాను."

జుదీత్ లోపలికి వెళ్లింది. తలుపు వేస్తుందనుకున్నాను. అన్నిటికన్నా పెద్ద కుండీ తెచ్చి, అక్క చేతుల్లో పెట్టింది. "ఈ ఏడు విత్తనానికి వదిలిన తల్లిమొక్క ఇదే. ముక్కు పెట్టు."

"చేత్తో చూస్తానే."

"ముక్కు పెట్టు. నాది తప్పు కాదన్నావుగా. నమ్మితే పెట్టు."

ఎర్మీనియా కుండీని మొహానికి దూరంగా పట్టుకుంది. పంతం కాదు, భయం. కాండంలో చార చూసింది, నా మాట విన్నది, అయినా లోపల ఎక్కడో తన ఊపిరి తగిలితే అమ్మది ఈ ఆఖరుది కూడా చస్తుందనే ఉంది. నావైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. అప్పుడు వంగి, కళ్లు మూసుకుని, ముక్కు ఆకుల్లో పెట్టింది.

చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు మొహం తడిగా ఉంది. "అమ్మ" అంది. "చెవి వెనకాల."

వాళ్లమ్మ వంట చేసేటప్పుడు చెవి వెనక ఒక రెమ్మ పెట్టుకునేది. వాడలో అందరికీ తెలుసు.

"మరి ఆ వేళ నేను దేనికి పెట్టాననుకున్నావే?" అంది జుదీత్. "చేత్తో చూస్తే నా చెయ్యి వాసనే వచ్చింది. అమ్మ రాలేదు. ముక్కు పెట్టాను, వచ్చింది."

"ఇన్నేళ్లూ చెప్పలేదేమే?"

"అడిగావా?"

ఎర్మీనియా కుండీని గట్టు మీద, ఎండ తగిలేచోట జాగ్రత్తగా పెట్టింది. జుదీత్ విత్తనాల పొట్లం కట్టి ఇస్తే తీసుకోలేదు. "ఇప్పుడే వద్దు. రేపొస్తాను. ఇది వాడిందో లేదో చూడాలి."

"పిచ్చిదానా, వాడదే."

"చూడాలి" అంది ఎర్మీనియా.

మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఈ ఏడు చర్చి మెట్ల దగ్గర ఆమె చోటు ఖాళీగానే ఉంది. విత్తనాల పొట్లం ఇంకా జుదీత్ బల్ల మీదే ఉంది. మొక్క వాడలేదు, వాడదని ఇద్దరికీ తెలుసు. అయినా ఎర్మీనియా రోజూ చెప్పులు కడుక్కుని, వంతెన దాటి, చూసి వస్తూనే ఉంది.