ఊరు అడగని మనిషి

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలు; సిడ్నీలో సన్నని జల్లు. నాకు హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసిన మూడవ వారం. సహాయ కేంద్రంలో నాకు కేటాయించిన కార్యకర్త "నమస్కారం అంకుల్" అనగానే నా గుండె జారిపోయింది. తెలుగు అమ్మాయి! ఇక ఆదివారానికల్లా మనవాళ్లందరికీ తెలిసిపోతుందనుకున్నాను.

మందులు వేళకు వేసుకుంటున్నానా, నిద్ర పడుతున్నదా అని అడిగింది. ఊరు, ఇంటిపేరు మాత్రం అడగలేదు. వెళ్లిన ప్రతిసారీ అంతే. చివరకు నేనే ఉండబట్టలేకపోయాను.

"మాది ఏ ఊరో అడగవేమమ్మా?"

"వద్దు అంకుల్. అడిగితే మనిద్దరికీ ఎవరో ఒక చుట్టం తేలతాడు. ఆయన వాట్సాప్‌లో ఉంటాడు" అని నవ్వింది.

కొన్ని నెలల తరువాత సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ గుడిలో, ప్రసాదం వరుస దగ్గర, ఆ అమ్మాయి ఎదురుపడింది. నా పక్కన నా కూతురు ఉంది. ఆ అమ్మాయి చూపు ఎవరో కొత్తవారిని దాటినట్టు నన్ను దాటిపోయింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఆ విషయం ఇంకా నాదే; ఎవరికి చెప్పాలన్నది కూడా నా ఇష్టమే.

తిరుగు ప్రయాణంలో కూతురికి చెప్పాను. కారు పక్కకు ఆపి నా చేయి పట్టుకుంది.

"టాబ్లెట్స్ మిస్ అవ్వట్లేదు కదా నాన్నా?"

"ఒక్కటి కూడా మానలేదమ్మా."

విషయం తెలిసినవారు మొత్తం నలుగురు: డాక్టరు, ఆ కార్యకర్త, నేను, నా కూతురు.