వెన్నగిన్నె ఊరు
మా కిల్లార్నీలో అద్దెగదులు నడిపే నువాలా, దిగినవాళ్ళకు ఐర్లండంతా తిండిబల్ల మీదే తిప్పి చూపిస్తుంది. టీ కెటిల్ డబ్లిన్, జామ్ సీసా గాల్వే, పొయ్యిలోంచి అప్పుడే తీసిన సోడా రొట్టె మా కెర్రీ కొండలు. మోచేతుల దాకా పిండితో, చెంచాను కారులా నడుపుతూ, మలుపు వచ్చినప్పుడల్లా తనూ పక్కకి ఒరిగిపోతుంది. చూసేవాళ్ళూ ఒరుగుతారు.

నిన్న ఒక కొత్తజంట అడిగింది: "మరి ఇప్పుడు మేం వెళ్ళబోయే కార్క్ ఎక్కడండీ?"

"అక్కడేముంది, వాన!" అంది నువాలా.

"వెన్నగిన్నె ఒళ్ళో దాచుకుందమ్మా, అదే కార్క్!" పొయ్యి దగ్గర్నుంచి మొగుడు డోనల్ పకపకా నవ్వాడు. "వాళ్ళ చెల్లెలు బ్రీడా ఉండేది అక్కడే. వాళ్ళమ్మ పోయిననాడు, ఈవిడ చేసిన రొట్టె ఎండిపోయిందని నోరు జారింది. అప్పట్నుంచీ మాటల్లేవు."

నువాలా చెవులు ఎర్రబడ్డాయి. వెన్నగిన్నె తీసి కొండల పక్కన ఠక్కున పెట్టింది. చెంచా గిన్నె దాకా వెళ్ళి ఆగింది.

"ఆవిడకేమైనా చెప్పమంటారా?" అంది పెళ్ళికూతురు మెల్లగా.

"మీరెందుకు చెప్పడం? మీ కారులో వెనక సీటు ఖాళీయేగా! ఎండిందో లేదో నా ముందే తిని చెప్పనీ!"

ఏప్రన్ విప్పి డోనల్ మొహాన విసిరి, పొగలు కక్కుతున్న కెర్రీ కొండల్ని తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని, అందరికంటే ముందు కారెక్కి కూర్చుంది.