మా కోడలి మూలల మిషన్ ప్రయాణం

మా పెద్దకోడలు సాధించిన మొదటి విజయం ఒక కిటికీ చట్రం. వాళ్ల నాన్న దగ్గర పని నేర్చుకునే రోజుల్లో విప్పించీ విప్పించీ ఏడిపించిన చట్రం అది. చివరికి ఆయన మూలలో గోరు పెట్టి చూశాడు. గోరు దూరలేదు. వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

ఆ తర్వాత బడికి బల్లలు చేసింది, ఆసుపత్రికి అలమరలు చేసింది, మా ఇంట్లో ఏళ్లుగా కిర్రుమంటున్న తలుపు నోరు మూయించింది. పనివాళ్లు ‘చిన్నమేస్త్రీ’ అంటారు. మామగారు గొప్పలు పోతున్నాడనుకునేవాళ్లు వచ్చి ఆ తలుపు తెరిచి చూడవచ్చు.

ఇన్నాళ్లూ ఒకరి కింద చేసిన మనిషి, ఈసారి సొంతంగా పని ఒప్పుకుంది. పక్క పట్నంలో, మూడో అంతస్తులో ఒక పాత ఇల్లు బాగుచెయ్యాలి. గోడల అడుగున వేసే టేకు పట్టీలను ఇంటావిడ విప్పించి దాచింది. బాగుచేతలో గోడలు జరిపారు కనుక వాటి మూలలు మళ్లీ కొయ్యాలి. అలాంటి కర్ర ఇప్పుడు దొరకదు. “ఒక్కటి చెడినా పని ఇంకొకరికిస్తా” అని ఆవిడ ముందే చెప్పింది. అందుకని ఏటవాలుగా కోసే మైటర్ సా అనే రంపం మిషన్ కొనడానికి తనూ నేనూ వెళ్లాం.

కొట్టాయన పెద్ద మిషన్ చూపించాడు. “దూలాన్నైనా కోస్తుందమ్మా.”

“దూలం కొయ్యమని ఎవరూ అడగలేదన్నా. దీన్ని మూడంతస్తులు మొయ్యాల్సింది నేను.”

చిన్నదానితో రెండు ముక్కలు కోయించి, కలిపి, వెలుతురుకు ఎదురు పట్టింది. సన్నటి సందు. ఇంకోటి తీయించింది. మళ్లీ పట్టింది.

“మిషన్ కొంటున్నావా, అల్లుణ్ని వెతుకుతున్నావా?” అన్నాను నేను.

“అల్లుడైతే సర్దుకుపోతాడు. మూల సర్దుకోదు.”

సందు కనబడని మిషన్ దొరికాక, బండి ఎక్కించేటప్పుడు దాని తలను కిందికి నొక్కి పిన్ను వేసింది. “తాడు అడుగుపీటకే కట్టండి. మిషన్ చేతి మీదుగా లాగితే కోణం పోతుంది” అని మావాడికి, అంటే తన మొగుడికి, చెప్పింది. మాది గడ్డిమోపులు కట్టిన వంశం. మేం కట్టిన మోపు దారిలో జారిన చరిత్ర లేదు. ఆమె లోపలికి వెళ్లగానే వాడు గతుకులు తలుచుకుని, చేతి మీదుగా ఇంకో చుట్టు బిగించి దుప్పటి కప్పాడు.

సాయంత్రం ఫోనొచ్చింది. “మామయ్యా, చేరాం. తాడు చూశాను.”

నేను వెంటనే అడిగాను: “ఇంటావిడ కర్ర మీద మిషన్ పెట్టావా తల్లీ?”

“లేదు. పనికిరాని చెక్క కోసి కలిపాను. సందులో గోరు దూరింది.”

“వాడేడి?”

“మెట్ల మీద కూర్చున్నారు. మోపు జారలేదు కదా అంటే ఇంకా ముడుచుకుపోయారు.”

మర్నాడు ఫోను మోగినప్పుడల్లా మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి “ఏమిటట?” అంటూనే ఉంది. అక్కడ కోడలు బోల్టులు వదులు చేసి, మూలమట్టం ఆనించి, కోసి, చూసి, మళ్లీ వదులు చేస్తోంది. పొద్దు వాలాక చెప్పింది: “గోరు దూరట్లేదు మామయ్యా. మొదటి టేకు పట్టీ కోశాను. ఇంటావిడ పక్కనే నిలబడి చూసి, రెండో పట్టీ తెచ్చిచ్చింది.”

ఇంకా రెండు గదులున్నాయి. మా భయం మాకుంది. తిరుగు ప్రయాణంలో మిషన్ ఒళ్లో పెట్టుకుంటానంది, తాడు మాత్రం వద్దంది. సరిచెయ్యడానికి ఒక రోజు పోయింది కనుక, ఇరవయ్యో తారీఖున రావలసిన మనిషి జూన్ ఇరవై ఒకటి, శనివారం వస్తుంది.