పడవను ముంచే జంపక్క

ఏటా ఎండలు ముదరగానే పడవను ముంచేది జంపక్కే. మణుగూరు నుంచి భద్రాచలం పోయే దారిలో, గోదావరి ఒడ్డునున్న రేలగుంపు అనే చిన్న గూడెంలో నలభై ఏళ్లుగా అది ఆమె పని. వాగు వచ్చి గోదావరిలో కలిసే చోట లోతైన మడుగు ఉంది. పడవను అక్కడికి తోయించి, రాళ్లు నింపి, అది నీళ్ల కిందికి పోయేదాకా నిలబడి చూసేది. కొత్తవాళ్లు నవ్వేవారు.

"మునిగితే ఏడుస్తరు గానీ, కోరి ముంచుకుంటరా అవ్వా?"

"ఎండల పెడితే సచ్చిపోతది. నీళ్లల్ల పండుకుంటే బతుకుతది" అనేది.

టేకు పలక ఎండితే ముడుచుకుంటుంది, పలకల నడుమ సందులు విచ్చుకుంటాయి. నీళ్లలో నానితే చెక్క ఉబ్బి ఆ సందులు మూసుకుంటాయి. మృగశిర కార్తెకు, వానలు మొదలవుతుండగా పైకి తీసి, మిగిలిన సన్నని సందుల్లో గోగునార కుక్కి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తే చాలు. వానాకాలమంతా లోపలికి చుక్క రాదు.

నూరేళ్ల నాటి నావ అది. తెరచాప ఎత్తి వెదురూ చింతపండూ గుగ్గిలం రాజమండ్రికి దించిన నావ. జంపక్క కోయ పిల్ల. గుగ్గిలం గంపతో ఒడ్డుకు వస్తూ పోతూ ఆ నావ నడిపే సరంగు దూలయ్యను మనువాడింది. ఆడమనిషి కాలు పెడితే గాలి పడిపోతుందని సరుకు నడిచిన రోజుల్లో ఆమెను ఎక్కనివ్వలేదు. ఒడ్డున బోర్లించినప్పుడు కింద దూరి, మెడ పట్టేసేదాకా నార కుక్కడానికి మాత్రం ఆడమనిషి పనికొచ్చింది. లారీలు వచ్చాక తెరచాప మిరపకాయలు ఆరబోసుకునే గుడ్డయింది. దూలయ్య పోయాడు. నావ గుంపుకు వరద పడవగా మిగిలింది. 2022 జూలైలో గోదావరి ఇళ్ల కప్పులు ముంచినప్పుడు ఆరు విడతల్లో అందరినీ గుట్టకు చేర్చింది. ఆ రోజు జంపక్కను ఎక్కొద్దన్నవాళ్లు లేరు.

ఆ సంగతి పేపర్లో పడింది. పేపర్లో పడ్డాకే నావకు మూడింది. నదీ వారసత్వ కమిటీ అని ఒకటి పట్నం నుంచి దిగింది. పోడు భూమికి పట్టా అడిగితే పదేళ్లు తిప్పిన ఆఫీసులు, పడవను తీసుకోవడానికి పది రోజుల్లో కాగితాలన్నీ పూర్తి చేశాయి. క్రేన్ వచ్చి నావను ఎత్తి, గుంపు పక్కన కట్ట మీద, కొత్తగా పోసిన సిమెంటు దిమ్మెపై కూర్చోబెట్టింది. పనివాళ్లు పాత నారను చెత్త అని పీకేశారు. సందుల్లో పుట్టీ కుక్కి, పైన నీలం రంగు వేశారు. గొలుసులు కట్టారు. చుట్టూ లైట్లు. ముందు బోర్డు: 'నూరేళ్ల నావ. నేటికీ చెక్కుచెదరలేదు.'

గుంపు మురిసిపోయింది. మహిళా సంఘం లీడరు పుష్పలత నావ ముందు సెల్ఫీ దిగి, జంపక్కతో "ఇగ మడుగుల ముంచుడు లేదు, తీసుడు లేదు. వరదొస్తే గొలుసు ఇప్పుతే సాలు, అదే లేస్తది అత్తా" అంది.

జంపక్క వేలి కణుపుతో పలక మీద కొట్టింది. నానిన చెక్క 'దబ్' అంటుంది. ఇది డప్పులా మోగింది.

రోహిణి కార్తెలో, జనం లేని మిట్టమధ్యాహ్నం, ఆమె దిమ్మె ఎక్కి నావ అడుగుకు దూరి కొడవలి మొనతో రంగు గీకింది. పుట్టీ పెచ్చు ఊడి పడింది. కొడవలి సందులో సగం దాకా దిగిపోయింది. పక్క సందులోనూ అంతే. ఆ పక్కదీ అంతే. నావంతా జల్లెడైంది. దానికి నీలం రంగు ముసుగు.

ఆ వారమే పని చూడవచ్చిన కమిటీ ఇంజనీరు వీరేందర్‌ను పట్టుకుంది.

"సారూ, ఇది నీళ్ల మీద నిలవదు."

"నిలవాల్సిన పని లేదమ్మా. ఇది చూడటానికే."

"గా ముక్కనే బోర్డు మీద రాయుండ్రి. ఎవలూ ఎక్కొద్దని."

"బోర్డు అచ్చయిపోయింది. మళ్లీ మార్చాలంటే పైనుంచి రావాలి."

గుంపులోనూ చెప్పి చూసింది. "నీ పడవ నీ చెయ్యి దాటిందని కడుపుమంటనా?" అన్నాడు బిక్షపతి. వరసకు మరిది. "సర్కారోళ్లకు తెల్వదా, నీకే తెలుసా?"

"సర్కారోళ్లు గీ పడవ ఎక్కరు గదా బిక్షపతీ. ఎక్కేది మనం."

ఆ మాటకు అతను నవ్వాడు.

జూలై చివర్లో పైనుంచి నీళ్లు వదిలారు. గోదావరి మట్టి రంగు తిరిగి, వాగు వెనక్కి పారడం మొదలైంది. పొద్దున్నే మైకు పెట్టిన ఆటో తిరిగింది: రెండో హెచ్చరిక ఇచ్చారు, లారీలు వస్తున్నాయి, అందరూ కాలనీ స్కూలుకు కదలండి. పోయినసారి గుట్ట మీది నుంచి లారీల్లో తీసుకుపోతే ఆ స్కూల్లో తొమ్మిది రోజులు ఉన్నారు. రెండు గదులకు ఒకటే మరుగుదొడ్డి. మేకలను లారీ ఎక్కనివ్వలేదు, తిరిగొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఆ బాధ ఉత్తదేమీ కాదు. అందుకే పన్నెండు కుటుంబాలు లారీ వైపు కాకుండా కట్ట వైపు నడిచాయి. బియ్యం సంచులు, గిన్నెలు, పసిపిల్లలు నావలోకి ఎక్కారు. మేకలను ఒక్కొక్కటే అందిస్తున్నారు. బిక్షపతి గొలుసు దగ్గర కూర్చున్నాడు. నీళ్లు దిమ్మెకు పది అడుగుల దూరంలో ఉన్నాయి.

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. "వస్తరా, పోవాల్నా?"

"నువ్వు పో అన్నా. మాకు మా నావ ఉంది" అంది పుష్పలత.

జంపక్క ఇంటికి పోయి గొడ్డలితో వచ్చింది. దిమ్మె అంచు మీద మోకాళ్లూని, తను నలభై ఏళ్లు నార కుక్కిన అడుగు పలక మీద వేటు వేసింది. రెండోది. మూడో వేటుకు పలక చీలింది. లోపలి వాళ్ల కాళ్ల దగ్గర వెలుతురు కనిపించింది. ఒక మేకపిల్ల కాలు ఆ రంధ్రంలో దిగబడి అరిచింది.

"ముసల్దానికి పిచ్చి లేసింది, పట్టుండ్రి" అని బిక్షపతి ఉరికి వచ్చాడు.

"ఇగ పట్టుకో" అంటూ గొడ్డలి కింద పెట్టింది. "నాతోని లొల్లి స్కూల్ల పెట్టుకుందువు. ముందు పిల్లల్ని దించు."

తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ దిగారు. మేకలను గుట్ట మీదికి తోలి, లారీ ఎక్కారు. దారంతా జంపక్క పక్కన ఎవరూ కూర్చోలేదు. మధ్యాహ్నానికి దిమ్మె మునిగింది.

తొమ్మిది రోజులకు నీళ్లు తీశాయి. నావ గొలుసుల్లోనే ఉంది, నిండా ఒండ్రుతో. వీరేందర్ వచ్చి కడిగించాడు. పనివాడు ఒక్కో సందులో రేకు ముక్క దూర్చి చూశాడు. ఎక్కడా దూరలేదు. తొమ్మిది రోజులు నానిన టేకు ఉబ్బి, పలకకు పలక అతుక్కుపోయింది. నావకు ఉన్న దెబ్బల్లా ఒకటే, గొడ్డలి దెబ్బ. దాన్నే నాలుగు వైపుల నుంచి ఫొటో తీశారు. వారసత్వ ఆస్తిని ధ్వంసం చేసిందని జంపక్క మీద కేసు పెట్టారు.

సాక్షిగా పుష్పలత సంతకం పెట్టింది. "సందులు నాకు కనవడలే అత్తా. గొడ్డలే కనవడ్డది" అంది.

"నీ తప్పు కాదు బిడ్డా. నీళ్లు దాసిపెట్టినయ్" అంది జంపక్క.

గుంపులో మాట స్థిరపడిపోయింది: నావ బాగానే ఉండె, ముసల్ది నరికింది, లేకుంటే తేలేది. రంధ్రానికి కొత్త పలక వేసి, మళ్లీ పుట్టీ పెట్టి, మళ్లీ నీలం రంగు వేసి, బోర్డు మళ్లీ నిలబెట్టారు. చుట్టూ కంచె వేశారు. ఆమెను లోపలికి రానివ్వొద్దని కాపలా మనిషికి చెప్పారు. గొలుసు తాళం చెవి మాత్రం, గుంపు వాళ్లు బతిమాలితే, బిక్షపతి చేతికి ఇచ్చారు. వరద వస్తే అక్కరకు వస్తుందని.

మళ్లీ రోహిణి వచ్చింది. మధ్యాహ్నం పూట గుడిసె ముందు కూర్చుంటే కట్ట మీది నుంచి 'టప్'మని ఒక చప్పుడు. కాసేపటికి ఇంకోటి. పలకలు విడుతున్నాయి. ఆ నావ నీడలో ఆడవాళ్లు చింతపండు గింజ తీస్తూ మాట్లాడుకుంటున్నారు.

కోర్టు వాయిదాకు పోయి వస్తూ జంపక్క పోలీస్ స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్‌ను అడిగింది.

"నా గొడ్డలి ఎప్పుడిస్తరు సారూ?"

"అది సాక్ష్యం అవ్వా. కేసు తేలినంక."

"మృగశిర లోపు తేలుతదా?"

ఆయన రిజిస్టర్‌లో నుంచి తలెత్తి చూశాడు. "నీకంత జల్దీ ఏంది?" అన్నాడు.