మాదప్ప మాట్లాడిన శనివారం

మాదప్ప మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఎదురు చెప్పని కార్మికుడికి యజమానులు ఇచ్చే బిరుదు అది. దాని అవసరం అతనికి లేదు. అతను తన కోపాన్ని ఏ నిష్ఠతో లొంగదీసుకున్నాడో, ఆ నిష్ఠ వెనకాలే ఒకసారి ఎలా దాక్కున్నాడో, ఆ చాటు నుంచి ఎలా బయటికి వచ్చాడో చెప్పాలి. ఇందులో ఏ ఒక్కటి వదిలినా మిగిలినదంతా అబద్ధమవుతుంది.

తమిళనాడులోని కుందారపల్లిలో తెల్లవారక ముందే బస్సెక్కి హొసూరు పోవడం అతని దినచర్య. వాహనాలకు రేకు భాగాలు చేసే ఒక కంపెనీలో 1992 నుంచి సెట్టరుగా పనిచేసేవాడు. పవర్ ప్రెస్సులో అచ్చు బిగించి, సరిచూసి, నడిపేవాడికి అప్పగించడం సెట్టరు పని. షెడ్డులో పదకొండు ప్రెస్సులు. అవి రేకు మీద పడుతుంటే ఆ అదురు పళ్ళ మొదళ్ళలో తెలిసేది. గోడమీది నల్లబల్లపై గంటకు ఎన్ని ముక్కలు రావాలో, ఎన్ని వచ్చాయో సుద్దతో రాసేవారు. తక్కువైన గంటకు సూపర్‌వైజర్ గోపీనాథ్ అందరి ముందూ సంజాయిషీ అడిగేవాడు. అడగడమంటే తిట్టడమే. ఆ తిట్లను మాదప్ప అక్కడ మింగి, గంటసేపు బస్సులో మోసుకొచ్చి, ఇంట్లో కక్కేవాడు.

1996లో ఒక సాయంత్రం చారులో ఉప్పు తక్కువైందని చేతిలోని చెంబు విసిరాడు. అది భార్య చిక్కమ్మకు కనుబొమ్మ మీద తగిలింది. కృష్ణగిరిలో ఆసుపత్రికి తీసుకుపోతే మూడు కుట్లు వేశారు. జారిపడ్డానని ఆమె డాక్టరుకు చెప్పింది. చట్టం దృష్టిలో మాదప్ప చేసింది నేరం. ఆమె అబద్ధం చెప్పబట్టి అది నమోదు కాలేదు, అంతే. ఆ సంగతి దాచిపెట్టి అతని నిష్ఠను పొగడడం నాకు చేతకాదు.

తిరుగు బస్సులో చిక్కమ్మ ఒక షరతు పెట్టింది.

"మా యమ్మ తిమ్మరాయస్వామికి శనివారం ఒక్కపొద్దు ఉంటాది, తెల్సు కదా మామా. నువ్వూ ఉండు. కూడొకటే మానుకుంటే చాలదు, మాట కూడా మానుకో. వారంలో ఒక పూటన్నా నా చెవులకు సెలవియ్యి."

"మాట్లాడకుండా పని ఎట్ల చేసేదిమే?"

"ప్రెస్సుతో ఏం మాట్లాడతావు నువ్వు? మాట్లాడితే అది వింటాదా?"

అలా మొదలైంది. శనివారం పొద్దున లేచి తలమీద నీళ్ళు పోసుకుని, నామం పెట్టుకుంటే, మొదటి షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి సాయంత్రం నాలుగింటికి ఆ ఒక్కపూట భోజనం చేసేదాకా నోరు విప్పకూడదు. మొదటి శనివారం ఇంటికొచ్చి స్నానం కోసం బకెట్టును ఠంగుమని దించాడు, తలుపును ధడాలున వేశాడు. చిక్కమ్మ నవ్వింది. "నోరు మూసినావు సరే, చెయ్యి తిడతా ఉండాది చూడు" అంది. ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. ఆ తరువాత తన నియమాన్ని తానే బిగించుకున్నాడు: సైగా మాట కిందే జమ, రాతా మాట కిందే జమ. శనివారం చేతులు పని చేయడానికే.

నోరు కట్టుకున్నాక ఒక సంగతి గమనించాడు. కోపం పొట్టలో పుట్టి, రొమ్ము దాటి, గొంతు దాకా వస్తుంది. దారి దొరక్కపోతే అక్కడే నిలబడుతుంది. స్వామి పేరు నూటెనిమిది సార్లు అనుకునే లోపల దిగిపోతుంది. మొదట్లో శనివారాలే దిగేది, మూడో ఏటికి మంగళవారం కూడా దిగింది. కనుబొమ్మ పగిలిన మనిషి సాక్ష్యం కంటే మరొకటి అక్కర్లేదు: ఆ తరువాత మాదప్ప తన మీద చెయ్యెత్తలేదని చిక్కమ్మే చెప్పింది. శనివారాలు బస్సులో ఊరికే కూర్చోలేక దుకాణాల బోర్డులు చూసి తమిళ అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాడు.

షెడ్డులో అతని వ్రతం అందరికీ వేడుకే. ఏడో నంబరు ప్రెస్సు నడిపే వేలు అనేవాడు మరీ ఏడిపించేవాడు.

"ఈ పొద్దు శనివారం రా, అన్నకి కరెంటు లేదు" అనేవాడు. లేకపోతే, "అన్నా, నీ సామితో చెప్పి మన సూపర్‌వైజర్‌కీ ఒక శనివారం ఇప్పియ్యి. పుణ్యముంటాది" అనేవాడు.

ఆ ప్రెస్సుకు రెండు బటన్లుండేవి. రెండింటినీ రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే అచ్చు కిందికి దిగుతుంది. అచ్చు దిగేటప్పుడు చేతులు రెండూ బయట ఉండాలనే ఆ ఏర్పాటు. ఒక బటన్‌లో పుల్ల దోపి అది ఎప్పుడూ నొక్కుకునే ఉండేట్టు చేస్తే, ఒక చేత్తో రేకు పెడుతూ రెండో చేత్తో అచ్చు దించవచ్చు. లెక్క పెరుగుతుంది. రేకు పెడుతున్న చేతికి రక్షణ పోతుంది.

1999 సెప్టెంబరులో ఒక మంగళవారం, వేలు టీ తాగడానికి పోయినప్పుడు, గోపీనాథ్ ఏడో నంబరు దగ్గరికి వచ్చాడు.

"మాదప్పా, కుడి బటన్‌కి పుల్ల పెట్టు. లెక్క తగ్గింది."

"సార్, చెయ్యి పోతాది."

"నీ చెయ్యా పోయేది? పెట్టు."

మాదప్ప పెట్టాడు. కోపం గొంతు దాకా వచ్చింది, స్వామి పేరు అనుకున్నాడు, దిగిపోయింది. దిగకుండా ఉండవలసిన కోపం అది. అరగంట తిరగక ముందే, పుల్ల సంగతి తెలియని వేలు ఎడమచెయ్యి బటన్‌కు తగిలి అచ్చు దిగింది; రేకు సర్దుతున్న అతని కుడిచేతి వేళ్ళు మూడు దాని కింద పోయాయి.

పదిరోజుల్లో ఇద్దరికీ ఛార్జిషీటు వచ్చింది. పుల్ల పెట్టడం కార్మికులిద్దరి స్వంత తెలివేనని, ఇద్దరినీ ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో చెప్పాలని అందులో ఉంది. విచారణ అక్టోబరులో ఒక శనివారం ఉదయం పదకొండు గంటలకు. విచారణాధికారి కంపెనీ నియమించుకున్న ఒక వకీలు, యాజమాన్యం తరఫున మాట్లాడేవాడు గోపీనాథే. ఎవరి ఆజ్ఞ గురించి విచారణ జరగాలో అతనే ఆరోపణ చదివాడు.

వేలు ఇంకా ఆసుపత్రిలో ఉన్నాడు. నామంతో, ఖాళీ కడుపుతో మాదప్ప ఒక్కడే కూర్చున్నాడు. వకీలు మూడుసార్లు అడిగాడు. మాదప్ప మాట్లాడలేదు. తల ఊపలేదు, రాయలేదు. 'ఉద్యోగి ఆరోపణలను కాదనలేదు' అని తమిళంలో రాసి, తీర్పుకు ముందు చివరి వాయిదా వచ్చే శనివారానికి వేశారు.

కాదనకపోవడం ఒప్పుకోవడం కాదు. ఆరోపించినవాడే రుజువు చేయాలన్నది విచారణ అనే మాటకు పునాది. ఆ గదిలో ఆ పునాది మీద ఒక్క ఇటుకా లేవలేదు. కావాలనే శనివారం ఎంచుకున్నారా? రుజువు లేదు కనుక అవునని రాయను. షెడ్డు ఊడ్చే మనిషితో సహా అక్కడ అందరికీ అతని శనివారం సంగతి తెలుసునని మాత్రం రాస్తాను.

మర్నాడు మాదప్ప ఆసుపత్రికి పోయాడు. కట్టు కట్టిన చేతిని పొట్టమీద పెట్టుకుని వేలు మంచంమీద కూర్చుని ఉన్నాడు.

"రా అన్నా. మొక్కుకునేదానికి కూడా చెయ్యి సరిపోవడం లేదు చూడు" అని నవ్వబోయాడు. తరువాత అడిగాడు: "ఆ పుల్ల యెవరు పెట్టినారో నీకు తెల్సునా?"

అది ఆదివారం. వ్రతం లేదు. కడుపు నిండా తిని వచ్చాడు. అయినా మాదప్ప నోరు పెగల్లేదు. తెచ్చిన అరటిపళ్ళు మంచం కింద పెట్టి లేచి వచ్చేశాడు.

ఇంటికొచ్చి గడప మీద కూలబడి చిక్కమ్మతో అన్నాడు: "నిన్న నేను నోరు మూసింది సామి కోసరం కాదుమే. భయమేసింది. గోపీనాథ్ పేరు చెప్తే పని పోతాది. పుల్ల పెట్టింది నేనేనని చెప్తే వేలు మొగం చూసేదానికి కాదు. శనివారం అడ్డమొచ్చింది, దాని వెనక కూసున్నా."

చిక్కమ్మ వచ్చి అతని పక్కన కూర్చుంది. తరువాత అంది: "నీ నోరు మూసుకోమని సామి అడిగినాడా? నేనడిగినా. నా నెత్తురు చూసి అడిగినా. నేనే చెప్తా ఉండా, వచ్చే శనివారం తెరువు."

"తప్పు కదా?"

"ఒక్కపొద్దు ఉండు. మాట్లాడు. సామికి కోపమొస్తే నా తట్టు చెయ్యి చూపించు."

ఆ శనివారం మాదప్ప నీళ్ళు కూడా ముట్టలేదు. గదిలో ఈసారి వేలు కూడా ఉన్నాడు. మాదప్ప లేచి నిలబడగానే గోపీనాథ్ నవ్వాడు.

"ఏమప్పా మాదప్పా, ఈ పొద్దు సామి లీవిచ్చినాడా?"

వకీలూ నవ్వాడు. మాదప్ప గొంతు పెంచి ఉంటే దురుసు ప్రవర్తన అని మరో ఆరోపణ చేరేది. మూడేళ్ళుగా శనివారాలు పోగుచేసుకున్న బలం ఆ నిమిషానికి అక్కరకొచ్చింది. కోపం గొంతు దాకా వచ్చింది. ఈసారి అతను దాన్ని దిగనివ్వలేదు, అరుపుగానూ వదల్లేదు. మాటగా మార్చాడు.

"సార్, నేను చెప్పేది చెప్పినట్ల రాసుకోండి. పుల్ల పెట్టింది నేను. ఈ చేత్తో పెట్టినాను. పెట్టమని చెప్పింది ఈయప్ప. చెయ్యి పోతాది సార్ అంటిని. నీ చెయ్యా పోయేది అన్నాడు. వేలు అప్పుడు ఆడ లేడు, టీకి పోయినాడు. వాడికేమీ తెలీదు."

"అబద్ధం" అన్నాడు గోపీనాథ్. "వీడు కోపమొస్తే పెండ్లాన్ని కొట్టేవాడని షెడ్డులో అందరికీ తెల్సు. వీడి మాటా మీరు రాసుకునేది?"

"కొట్టినాను" అన్నాడు మాదప్ప. "అదీ రాసుకోండి సార్."

వకీలు రాసిన కాగితం సంతకానికి ముందుకు జరిపాడు. మాదప్ప చూపుడువేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివాడు. పుల్ల పెట్టింది తానేనని ఉంది. పెట్టమన్నది ఎవరో లేదు.

"ఒక మాట విడిసిపెట్టినారు సార్."

"సారాంశం రాశాం."

"సారాంశం వద్దు సార్. ఆ మాట రాస్తే చేవ్రాలు పెడతా. లేదంటే ఈడనే నిలబడతా. నాకు ఆకలి కొత్త కాదు."

మధ్యాహ్నం రెండున్నర దాకా నిలబడ్డాడు. చివరికి రాశారు. మళ్ళీ చదివి సంతకం చేశాడు.

గేటు బయట వేలు అతని దారికి అడ్డంగా వచ్చాడు.

"ఆసుపత్రిలో అడిగినా కదన్నా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"భయపడినా."

"నేను నీకు భయమా?"

మాదప్ప పక్కకు తప్పుకుని బస్సెక్కాడు. వేలు ఆ బస్సు ఎక్కలేదు, తరువాతి బస్సుకు వచ్చాడు.

నెలలోగా ఇద్దరినీ తీసేశారు. లేబర్ కోర్టులో వ్యాజ్యం దాదాపు అయిదేళ్ళు నడిచింది. ఆ అయిదేళ్ళూ మాదప్ప కావేరిపట్టణం మండీలో మామిడిపళ్ళ బుట్టలు మోశాడు. శనివారాలు విడవలేదు. నియమంలో ఒక్కటి మార్చుకున్నాడు: తన మాట కోసం ఎవరైనా కాచుకుని ఉంటే ఆ పూట మౌనం లేదు. 2004లో తీర్పొచ్చింది. మొదటి శనివారపు మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవడం చెల్లదని, రెండో శనివారపు వాంగ్మూలం నమ్మదగినదని అందులో ఉంది. వేలుకు స్టోర్సులో పని, పోయిన జీతం అంతా ఇవ్వమన్నారు. మాదప్పకు పని మాత్రమే ఇచ్చారు. పుల్ల పెట్టినందుకు అయిదేళ్ళ జీతం పోయింది. గోపీనాథ్‌కు ఏ శిక్షా లేదు. అప్పటికి అతను మేనేజరు.

ఇది అన్యాయమని, అప్పీలు చేయాలని మాదప్పతో వాదించినవాళ్ళున్నారు. అతను ఒప్పుకోలేదు.

"పెట్టింది నా చెయ్యే కదప్పా. దానికి పడిన శిక్ష నాకు సరిపోయింది. ఆయప్పకు పడలేదంటే, అది మీరు అడగండి. చదువుకున్నోళ్ళు మీరు."

అతని లెక్క అతను తీర్చుకున్నాడు. ఆ లెక్కను చూపి గోపీనాథ్ లెక్కను కొట్టేయడానికి వీల్లేదు. పెట్టమన్న నోరు ఎవరిదో ఆ వాంగ్మూలంలో ఇప్పటికీ ఉంది, కింద మాదప్ప సంతకం ఉంది. అడగవలసినవాళ్ళం ఇంకా అడగలేదు.